అమ్మాయి తీసిన ఫొటోలు కొంటామంటున్నారు, జీఎస్టీ కట్టాలా?

ప్రశ్న: నేను రాజోలు వైపు ప్రభుత్వ టీచర్ని. మా అమ్మాయికి పదిహేడేళ్లు, ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. వాళ్ల మావయ్య ఇచ్చిన పాత కెమెరాతో జగ్గన్నతోట ప్రభల తీర్థం, అంతర్వేది తీరం, ఆత్రేయపురం పూతరేకులు తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెడుతుంటుంది. అవి చూసి దిండి దగ్గర ఒక రిసార్టు వాళ్లు ఎనిమిది ఫొటోలకి 20,000 ఇస్తామన్నారు. వచ్చి తమ గదులు కూడా తీసిపెట్టమంటున్నారు. యానాంలో ఒక షాపు వాళ్లు ఫ్రేములు కట్టించి పంపమన్నారు. విదేశీ సైట్లలో పెడితే డాలర్లు వస్తాయని మా అన్నయ్య కొడుకు అంటున్నాడు. జీఎస్టీ లేకుండా అమ్మితే కేసవుతుందని, రిజిస్ట్రేషన్లన్నీ కలిపి ఐదు వేలకి చేయిస్తానని తెలిసినాయన చెబుతున్నారు. డబ్బు నా ఖాతాలో వేయించుకోవచ్చా? చదువు పాడవుతుందని వాళ్ల నాన్నకి ఒకటే టెన్షన్.

జవాబు: అమ్మా, ముందు ఆ ఐదు వేలు ఆపండి. ఫొటో వాడుకునే హక్కు అమ్మడం, ఫొటోలు తీసిపెట్టడం జీఎస్టీ లెక్కలో సేవ కిందికి వస్తాయి. సేవలకి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటేదాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మీ అమ్మాయి ఆ గీత దగ్గరికి వెళ్లాలంటే ఇలాంటి రిసార్టులు ఏడాదికి వంద దొరకాలి. నంబరు లేనప్పుడు బిల్లులో జీఎస్టీ అని వేసి వసూలు చేయకూడదు, అంతవరకు గుర్తుంచుకుంటే చాలు. తెల్ల కాగితం మీద తేదీ, ఎవరికి, దేనికి, ఎంత అని రాసి సంతకం పెట్టినా అది బిల్లే.

చిన్న వ్యాపారాల కోసం కేంద్రం పెట్టిన ఉద్యమ్ రిజిస్ట్రేషన్ సంగతీ అంతే. ప్రభుత్వ పోర్టల్‌లో ఆధార్, పాన్ నంబర్లతో ఎవరికి వారే చేసుకోవచ్చు, పైసా ఫీజు లేదు. తప్పనిసరి కూడా కాదు. రేపు కెమెరాకి బ్యాంకు రుణం అడిగే రోజు వస్తే పనికొస్తుంది. సరదాగా తీసిన ఫొటో అమ్ముకోవడానికి ప్రత్యేకంగా లైసెన్సంటూ ఏదీ లేదు. బోర్డు కట్టి స్టూడియో తెరిస్తేనే కార్మిక శాఖలో షాపు నమోదు, పంచాయతీ లేదా మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సు లాంటివి వస్తాయి.

యానాం షాపు దగ్గర మాత్రం కాస్త ఆగండి. ఎదుర్లంక వంతెన దాటితే యానాం, మనకి పక్కూరే. చట్టానికి మాత్రం అది పుదుచ్చేరి, అంటే వేరే ప్రాంతం. ఫ్రేము కట్టిన ప్రింటు సేవ కాదు, సరుకు. సరుకుని రాష్ట్రం దాటించి అమ్మితే, సేవలకి 20 లక్షలు, సరుకుకి 40 లక్షలు అనే పరిమితులేవీ వర్తించవు. ఒక్క ఫ్రేము అమ్మినా జీఎస్టీ రిజిస్ట్రేషన్ కావాలి. చేతివృత్తుల సరుకుకి మినహాయింపు ఉంది కానీ మిషన్ మీద వేసిన ఫొటో ప్రింటు అందులోకి వస్తుందని వాదించే ధైర్యం నాకు లేదు. సేవలకి ఈ ఇబ్బంది లేదు. రాష్ట్రం బయట వాళ్లకి ఇచ్చినా 20 లక్షల పరిమితే. అందుకని యానాం వాళ్లకి ఫ్రేములు పంపకండి. ఫొటో ఫైలు ఇచ్చి ‘ఇన్ని ప్రింట్లు వేసుకోవచ్చు’ అని రాసివ్వండి. ప్రింటు, ఫ్రేము వాళ్లే చేయించుకుంటారు. అద్దం పగిలితే ఎవరు భరించాలన్న గొడవా మీకుండదు. అదే ఫ్రేము అమలాపురం, రాజమండ్రి షాపులకి అమ్మితే ఈ చిక్కు రాదు.

ఇక ఖాతా. మీ ఖాతాలోకి వద్దే వద్దు. మీరు ప్రభుత్వ ఉద్యోగి. ప్రైవేటు వ్యాపారం చేయాలంటే కాండక్ట్ రూల్స్ ప్రకారం ముందస్తు అనుమతి కావాలి. రిసార్టు నుంచి మీ పేరున డబ్బు పడితే, అది అమ్మాయిదని తర్వాత మీరు సంజాయిషీ రాసుకోవాలి. మైనరు ఆదాయాన్ని తల్లిదండ్రుల్లో ఎక్కువ ఆదాయం ఉన్నవారి ఆదాయంలో కలుపుతారన్నది నిజమే, మీకు ఎవరో చెప్పే ఉంటారు. అయితే అది ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ లాంటివాటికి. మైనరు తన నైపుణ్యంతో, ప్రతిభతో సంపాదించిన డబ్బుని అలా కలపరు. ఈ డబ్బు పూర్తిగా అమ్మాయిదే, లెక్కా అమ్మాయిదే. కాబట్టి ఆమె పేరున బ్యాంకు ఖాతా, ఆమె పేరున పాన్ కార్డు తీసుకోండి. మైనరు పాన్‌కి తల్లో తండ్రో దరఖాస్తు చేయాలి. ఆ కార్డు మీద ఫొటో, సంతకం ఉండవు. పద్దెనిమిది నిండాక మార్పు దరఖాస్తు పెట్టి అవి వేయించుకోవాలి.

ఆదాయపు పన్ను గురించి పెద్దగా చెప్పడానికేమీ లేదు. 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 నాటి చట్టం పోయి 2025 చట్టం వచ్చింది, సెక్షన్ల నంబర్లు మారాయి. సామాన్యుడికి లెక్క పెద్దగా మారలేదు. కొత్త పన్ను విధానంలో ఏడాదికి 4 లక్షల వరకు పన్ను లేదు, 12 లక్షల వరకు లెక్కకొచ్చిన పన్నుని రిబేటు పేరుతో మాఫీ చేస్తారు. ఏడాదంతా కలిపి లక్ష, రెండు లక్షలు వచ్చే అమ్మాయికి కట్టాల్సింది సున్నా. ఎవరైనా టీడీఎస్ (డబ్బిచ్చేవాళ్లు ముందే పట్టుకునే పన్ను) కోసుకుని ఇస్తే మాత్రం దాన్ని వెనక్కి తెచ్చుకోవడానికి రిటర్న్ వేయాలి. ఫీజు, రాయల్టీ లాంటివాటిపై ఏడాదికి 50,000 దాటితేనే 10 శాతం కోత. కోత పెట్టాల్సిన చెల్లింపుకి పాన్ ఇవ్వకపోతే 20 శాతం పోతుంది. పాన్ ముందు తీయమన్నది అందుకే. కెమెరా, లెన్సు, మెమరీ కార్డు కొన్న బిల్లులు ఒక కవర్లో దాచండి. సంపాదన పెరిగాక ఖర్చులు చూపించి లాభం లెక్క కట్టాలా, లేక యూపీఐ, బ్యాంకు ద్వారా వచ్చిన మొత్తంలో కనీసం 6 శాతం లాభమని చూపే ప్రిజంప్టివ్ పద్ధతి మేలా అని ఆడిటర్‌ని అడిగే రోజు వస్తుంది. ఇప్పుడే ఆడిటర్‌కి డబ్బులివ్వడం దండగ.

మీరు అడగని ప్రశ్న ఒకటుంది, నాకు అసలు సంగతి అదే అనిపించింది. రిసార్టు వాళ్లకి మీరు ఏం అమ్ముతున్నారు?

ఎనిమిది ఫొటోలకి 20,000 అంటే ఫొటోకి 2,500. రెండేళ్లపాటు గోడకి పెట్టుకోవడానికైతే మంచి ధరే. ‘ఇకమీదట ఈ ఫొటోలు మావి, నువ్వు ఎక్కడా వాడకూడదు’ అంటే మాత్రం చాలా తక్కువ. రెండూ ఒకే చెక్కుతో జరిగిపోతాయి, తేడా కాగితంలో ఉంటుంది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఫొటో తీసినవాళ్లే దాని కర్త. రిజిస్ట్రేషన్ లేకపోయినా హక్కు పుట్టుకతోనే వస్తుంది, కర్త జీవితకాలం తర్వాత ఇంకో 60 ఏళ్లు ఉంటుంది. అమ్మాయి ఇప్పటికే తీసిన ఎనిమిదీ ఆమెవే. రిసార్టు గదుల ఫొటోలు అలా కాదు. ఎవరైనా డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకి, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాళ్లే మొదటి యజమానులు. (పెళ్లి ఫొటోలూ అంతే. మన ఊళ్లలో స్టూడియోల వాళ్లు పెళ్లికూతురి ఫొటోని అడక్కుండా షాపు ముందు ఫ్లెక్సీకి ఎక్కించేస్తారు గానీ, ఆ హక్కు వాళ్లకి లేదు.) కాబట్టి ఈ రెండు పనులకీ రెండు కాగితాలు, రెండు ధరలు ఉండాలి. గదుల ఫొటోలకి రోజు కూలీ లెక్కన అడగండి. తన పోర్ట్‌ఫోలియోలో చూపించుకునే అనుమతి మాత్రం రాయించుకోండి.

పాత ఫొటోల కాగితం తెలుగులోనే ఇలా ఉంటే సరిపోతుంది: “ఈ కింద నంబర్లతో చూపిన 8 ఫొటోలను మీ రిసార్టు గదుల్లో, రిసెప్షన్లో ప్రింట్లుగా పెట్టుకోవడానికి, మీ వెబ్‌సైట్‌లో వాడుకోవడానికి ఫలానా తేదీ నుంచి 2 సంవత్సరాలు అనుమతిస్తున్నాము. ఇతరులకు ఇవ్వడానికి, అమ్మడానికి అనుమతి లేదు. కాపీరైట్ ఫొటో తీసినవారిదే. ఫొటో పక్కన వారి పేరు ఉంచాలి. ప్రతిఫలం రూ. 20,000.” కింద మేనేజరు సంతకం, మీ సంతకం. ఎన్నేళ్లో రాయకపోతే చట్టం 5 ఏళ్లు అనుకుంటుంది, ఎక్కడ వాడాలో రాయకపోతే దేశమంతా అనుకుంటుంది. ‘ఆల్ రైట్స్’ (అన్ని హక్కులూ) అనో ‘పర్పెచ్యువల్’ (శాశ్వతంగా) అనో కనిపించే ఇంగ్లిషు ఫారం మీ ముందు పెడితే సంతకం చేయకుండా ఇంటికి తెచ్చుకుని చదవండి. ఫొటో పోటీల నిబంధనల్లోనూ ఇవే మాటలు దాక్కుని ఉంటాయి.

మీ సంతకం ఎందుకంటే, పద్దెనిమిది నిండని వాళ్లు చేసిన ఒప్పందం 1872 కాంట్రాక్ట్ చట్టం ముందు చెల్లదు. అమ్మాయి తరఫున సంరక్షకురాలిగా మీరే సంతకం పెట్టాలి. డబ్బు మాత్రం ఆమె ఖాతాకే అని కాగితంలో రాయండి. ఇలా రాస్తే మీ కాండక్ట్ రూల్స్ గొడవా తీరుతుంది.

ఎనిమిది ఫొటోల్లో ఆత్రేయపురం పూతరేకులది కూడా ఉందనుకుంటాను. బోర్లించిన వేడి కుండ మీద బియ్యప్పిండి నీళ్లలో ముంచిన గుడ్డ పరిచి లాగే ఆవిడ మొహం అందులో స్పష్టంగా కనిపిస్తుంటే, ఆవిడ అనుమతి కావాలి. పత్రికలో వార్తతోపాటు వేస్తే ఒక రకం, రిసార్టు ప్రచారానికి వాడితే ఇంకో రకం. రెండోది ఆవిడ మొహంతో వ్యాపారం. ‘నా ఫొటోను ప్రచారానికి వాడుకోవడానికి ఒప్పుకుంటున్నాను’ అని రెండు లైన్లు రాసి, చదివి వినిపించి, సంతకమో వేలిముద్రో తీసుకోండి, ఒక సాక్షి ఉంటే మంచిది. ఆవిడకీ ఎంతో కొంత ముట్టజెప్పడం మర్యాద. పిల్లల ఫొటో అయితే వాళ్ల అమ్మానాన్నల సంతకం. ప్రభల తీర్థం జనంలో ఒక్కొక్కరి దగ్గరా సంతకాలు తీసుకోవడం అయ్యే పని కాదు. ఏ మొహమూ విడిగా కనిపించకుండా ప్రభ మీదే దృష్టి నిలిపిన ఫొటోలు ప్రచారానికి ఇచ్చి, మిగతావి పత్రికలకి ఉంచుకోవచ్చు.

ఎక్కడ తీసిందన్నది కూడా చూసుకోవాలి. కోరింగ మడ అడవులు అభయారణ్యం, అక్కడ ఫొటోగ్రఫీకి అటవీ శాఖ అనుమతి తీసుకోవాలి. ద్రాక్షారామం గుడి పురావస్తు శాఖ రక్షణలో ఉంది, వ్యాపార చిత్రీకరణ అయితే ముందే అడగాలి. రైల్వే స్థలంలోనూ అంతే. ఇక పెళ్లి వీడియోల వాళ్ల డ్రోన్ అరువు తెచ్చి గోదావరి పాయల్ని పైనుంచి తీస్తానని అమ్మాయి అంటే కొన్నాళ్లు ఆగమనండి. 250 గ్రాములు దాటిన డ్రోన్‌తో డబ్బుకి ఫొటో తీయాలంటే 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. అది పద్దెనిమిదేళ్లు నిండినవారికే ఇస్తారు.

డాలర్ల సంగతీ ఆగాల్సిందే. మన ఫొటోలు పెడితే కొనేవాళ్లకి అమ్మిపెట్టే స్టాక్ ఫొటో సైట్లు పద్దెనిమిది నిండనివాళ్లని చేర్చుకోవు. మీ పేరుతో తెరిచి అమ్మాయి ఫొటోలు పెట్టడం అన్ని విధాలా తప్పుడు లెక్క, ఖాతా మీది, కర్త ఆమె. తర్వాత చేరినప్పుడు అమెరికా కంపెనీ డబ్ల్యూ-8బెన్ అనే ఫారం అడుగుతుంది. అందులో పాన్ నంబరు వేసి భారతీయురాలినని నింపితే అమెరికాలో అమ్ముడైన వాటి రాయల్టీ మీద కోత 30 శాతం నుంచి 15కి తగ్గుతుంది. ఇక్కడ ఆమెకి పన్నే లేకపోతే అక్కడ కోసింది తిరిగి రాదు, దాన్ని మరిచిపోవడమే. కొబ్బరిచెట్ల సూర్యాస్తమయాలు ఆ సైట్లలో కుప్పలుతెప్పలుగా ఉన్నాయి. కడియం నర్సరీల్లో అంటు కట్టే చేతులు, నరసాపురం లేసు అల్లే వేళ్లు దగ్గరగా తీసినవి అంత దొరకవు, కొనేవాళ్లు వెతికేది అలాంటివాటినే.

చదువు విషయంలో మీవారికి ఒక మాట. ఈఏపీసెట్ అయ్యేదాకా కొత్త ఆర్డర్లు ఒప్పుకోకుండా, ఈ రిసార్టు పని ఒక్కటి సంక్రాంతి సెలవుల్లో పూర్తిచేయనివ్వండి. ఆ తర్వాత ఇంజనీరింగ్ వద్దని అమ్మాయే అంటే ఫైన్ ఆర్ట్స్ డిగ్రీలో ఫొటోగ్రఫీ ఉంది, హైదరాబాద్ జేఎన్ఏఎఫ్ఏయూ (ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) చూడండి. ఏ డిగ్రీ చేసినా తర్వాత పీజీ స్థాయిలో గాంధీనగర్ ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్)లో ఫొటోగ్రఫీ డిజైన్ ఉంది. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి, అప్పటికి అమ్మాయికి పద్దెనిమిది దాటుతుంది. పత్రికలకి, సంస్థలకి ఫొటోలు కావాల్సిన రోజులు అవి. అప్పటికి ఆమె చేతిలో తన పేరున్న పాన్, సంతకాలతో నాలుగైదు ఒప్పంద కాగితాలు, అసలు ఫైళ్లు భద్రంగా ఉన్న హార్డ్ డిస్కు ఉండాలి. వాట్సాప్‌లో ఫొటోలు పంపేటప్పుడు చిన్న సైజువే పంపండి, పెద్ద ఫైలు డబ్బు ఖాతాలో పడ్డాకే ఇవ్వండి. రిసార్టు వాళ్లకీ ఇదే వర్తిస్తుంది.