బంకర్ హిల్: తుపాకి మందు అయిపోయిన రోజు

ప్రశ్న: 1775లో బోస్టన్ పక్కన జరిగిన బంకర్ హిల్ యుద్ధంలో అమెరికన్ మిలిషియా (పౌర సైన్యం) బ్రిటిష్ సేనను రెండుసార్లు తిప్పికొట్టి, మూడోసారి కొండ వదిలేసింది. ఎందుకు? ‘కళ్లలో తెల్లగుడ్డు కనపడేదాకా కాల్చొద్దు’ అన్న ఆజ్ఞ నిజమేనా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఆ మాట అమెరికన్ సేనానుల్లో ప్రెస్కాట్ అన్నాడని కొందరు, పట్నమ్ అన్నాడని కొందరు అంటారు, ఇప్పటికీ తేలలేదు. దగ్గరికొచ్చేదాకా ఆగమన్నది మాత్రం నిజం. ఆనాటి మస్కెట్ (మూతి నుంచి మందు, గుండు కూరే పొడవాటి తుపాకీ) గుండు గొట్టం కన్నా కాస్త చిన్నది. సరిగ్గా పట్టేంత ఉంటే, నాలుగుసార్లు కాల్చేసరికి పేరుకునే మసికి లోపలికి దిగదు. ఆ వదులు వల్ల 100 గజాలు దాటితే గురి దొరకదు. మళ్లీ మందు పోసి, గుండు వేసి, కడ్డీతో కూరి, నిప్పురవ్వ పడే చిన్న పళ్లెంలో చిటికెడు మందు వేయడానికి తర్ఫీదున్నవాడికే 15 నుంచి 20 సెకన్లు పడుతుంది. ఆలోగా పరుగున వచ్చేవాడు బాయొనెట్‌తో, అంటే తుపాకీ మూతికి బిగించిన కత్తితో, మీద పడతాడు. మిలిషియాలో చాలామందికి బాయొనెట్టే లేదు. అందుకే మొదటి దెబ్బ వృథా కాకూడదు.

కొండ పక్కనున్న మిస్టిక్ నది ఒడ్డున అమెరికన్ సేనాని జాన్ స్టార్క్ రాళ్లతో అడ్డుగోడ పేర్పించాడు. దాని ముందు ఒక కొయ్య పాతి, శత్రువు అది దాటాకే కాల్చమన్నాడు. ఇరుకు ఒడ్డున బారుగా వచ్చిన బ్రిటిష్ దళం అక్కడే కుప్పకూలింది. పై మెరకలో ఇంకా కోయని ఎత్తు గడ్డి, అడుగడుగునా కంచెలు, సైనికుల వీపున బరువు మూటలు. వరుస చెదిరి, దూసుకెళ్లాల్సినవాళ్లు ఆగి కాల్చడం మొదలుపెట్టారు. బ్రిటిష్‌వాళ్ల 6 పౌండ్ల గుళ్లు కాల్చే ఫిరంగులకు 12 పౌండ్ల గుళ్లు వచ్చాయి! బ్రిటిష్ సేనాని హౌ చేసిన అసలు తప్పు, నా దృష్టిలో, ఈ ఏర్పాట్లు చూసుకోకుండా ఎదురుగా నడిపించడమే.

మూడోసారి ఆయన మూటలు దింపించాడు, ఫిరంగుల్ని పక్కనుంచి అమెరికన్లు కొండమీద కట్టుకున్న మట్టికోటలోకి కొట్టేలా జరిపించాడు, బాయొనెట్లతోనే వెళ్లమన్నాడు. కోట లోపల మిలిషియాకు తుపాకి మందు అయిపోవచ్చింది. మిగిలిన ఫిరంగి మందు సంచుల్ని విప్పి పంచుకున్నారు. పైగా ఎవరి తుపాకీ వాళ్లు ఇంటినుంచి తెచ్చుకున్నదే. ఒకరి గుండు ఇంకొకరి గొట్టానికి పట్టదు. పోరు జరిగిన బ్రీడ్స్ హిల్‌కు వెనక, బంకర్ హిల్ మీదున్న అమెరికన్ దళాల్లో చాలావరకు ముందుకు రాలేదు. చివరికి తుపాకీ మడమలతో కొట్లాడుతూ వెనక్కి తగ్గారు. అమెరికన్ తిరుగుబాటు నాయకుడు డాక్టర్ జోసెఫ్ వారెన్ అక్కడే చనిపోయాడు. కొండ దక్కినందుకు బ్రిటిష్‌వాళ్లు చెల్లించింది 226 మంది మృతులు, 828 మంది క్షతగాత్రులు; అవతలివైపు నష్టం అందులో సగం కూడా లేదు.

ప్రశ్న: అసలు పోరు బ్రీడ్స్ హిల్ మీద జరిగిందంటారు. మరి ఈ పేరెందుకు?
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: జూన్ 16 రాత్రి ప్రెస్కాట్‌కు అందిన ఆజ్ఞ బంకర్ హిల్ మీద కోట కట్టమని. మట్టి తవ్వింది మాత్రం బోస్టన్‌కు ఇంకా దగ్గరున్న, ఎత్తు తక్కువైన బ్రీడ్స్ హిల్ మీద. పేరు ఆజ్ఞలోదే నిలిచిపోయింది. 1843లో పూర్తయిన 221 అడుగుల స్మారక స్తంభం కూడా బ్రీడ్స్ హిల్ మీదే ఉంది.