ఇంటి వస్తువు ప్రతీక అయ్యేది ఎప్పుడు? ‘ఎలిప్పతాయం’ చూసిన అనుభవం నుంచి

సినిమాలో కనిపించే కుర్చీకీ, దీపానికీ, తలుపుకీ విమర్శకులు చెప్పే అర్థాలు దర్శకుడు నిజంగా అనుకున్నవేనా, లేక చూసేవాళ్లు అంటగట్టినవా అని మీరు అడిగారు. ‘ఈ వస్తువు దేనికి ప్రతీక’ అన్న ప్రశ్నతో మొదలుపెట్టినంత కాలం నాకూ ఊహలే మిగిలాయి. ఆ వస్తువును ఎవరు వాడుతున్నారు, ఎవరు కడిగి తుడుస్తున్నారు, అది ఎన్నిసార్లు తెర మీదికి వస్తోంది అని గమనించడం మొదలుపెట్టాక సినిమాయే సమాధానం చెప్పసాగింది. నాకు ఆ చూపు నేర్పింది అడూర్ గోపాలకృష్ణన్ 1981లో తీసిన మలయాళ చిత్రం ‘ఎలిప్పతాయం’. ఆ మాటకు ఎలుకల బోను అని అర్థం.

ఆస్తి కరిగిపోతున్న ఒక పాతకాలపు ఇంట్లో ఉన్ని అనే మధ్యవయస్కుడు, పెళ్లికాని ఇద్దరు చెల్లెళ్లు రాజమ్మ, శ్రీదేవి ఉంటారు. ఉన్ని లోకమంతా ఒక పడక కుర్చీ. పెరట్లోకి ఆవు వచ్చి మొక్కలు మేస్తున్నా తాను లేచి తోలడు, రాజమ్మను పిలుస్తాడు. రాజమ్మగా నటించింది మన తెనాలికి చెందిన శారద. అడూర్ తొలి చిత్రం ‘స్వయంవరం’తో 1972 సంవత్సరానికి జాతీయ ఉత్తమ నటిగా నిలిచిన ఆమె, ఇక్కడ మాటల కంటే నడకతోనే ఎక్కువ చెబుతారు.

మొదటిసారి చూసినప్పుడు ఆ కుర్చీ భూస్వామ్యానికి ప్రతీక అని పుస్తకాల్లో చదివిన మాటనే నేనూ అనుకుని ఊరుకున్నాను. చాలా ఏళ్ల తర్వాత మళ్లీ చూస్తున్నప్పుడు మా తాతయ్య పడక కుర్చీ గుర్తుకొచ్చింది. మండువా ఇంటి వీధి అరుగు మీద ఉండే ఆ కుర్చీ గుడ్డకు రెండు చివర్లా గొట్టంలా కుట్టు ఉండేది, అందులో గుండ్రటి కర్రలు దూర్చి చట్రానికి తగిలించేవారు. నెలకోసారి మా మేనత్త ఆ కర్రలు లాగి, గుడ్డను బావి దగ్గర చప్టా మీద ఉతికి ఆరేసి, తాతయ్య మధ్యాహ్నం నిద్రవేళకు మళ్లీ తొడిగేది. ఎంత ఉతికినా తల ఆనే చోట కొబ్బరినూనె మరక పోయేది కాదు. అత్తయ్య ఆ కుర్చీలో కూర్చోగా నేను ఎన్నడూ చూడలేదు, అప్పట్లో నాకది వింతగానూ తోచలేదు. ఈ జ్ఞాపకంతో చూసినప్పుడు ఉన్ని కుర్చీలో నాకు కనిపించింది భూస్వామ్యం అనే పెద్ద మాట కాదు, ఒక మనిషి కూర్చుని ఉండటానికి మరో మనిషి రోజంతా నిలబడి ఉండటం.

ఇక దర్శకుడి ఉద్దేశం సంగతి. బోనులో పడ్డ ఎలుకను శ్రీదేవి చెరువు దాకా మోసుకెళ్లి, బోనుతో సహా నీళ్లలో ముంచుతుంది. ఇది ఒక్కసారే జరిగితే ఇంటి పని అనుకోవచ్చు, కానీ దర్శకుడు దాన్ని మళ్లీ మళ్లీ, తొందరపడకుండా చూపిస్తాడు. శ్రీదేవి ఇల్లు విడిచి వెళ్లిపోయాక, జబ్బుపడిన రాజమ్మను ఊరివాళ్లు మోసుకుపోయాక, ఒంటరిగా తలుపులు మూసుకున్న ఉన్నిని చివరికి జనం చీకట్లో పట్టుకుని అదే చెరువులో పడేస్తారు. వణుకుతూ, చేతులు ముడుచుకుని గట్టెక్కుతున్న అతన్ని చూశాక, ఎలుక పోలిక నా ఊహేనేమో అన్న సందేహం నాకు మిగలలేదు. ఇది అడూర్ తొలి రంగుల చిత్రం. రాజమ్మకు నీలం, శ్రీదేవికి ఎరుపు, పెళ్లయి వెళ్లిన అక్క జానమ్మకు ఆకుపచ్చ అంటూ దుస్తులకే రంగులు విడదీసిన దర్శకుడు, బోనునూ కుర్చీనీ యథాలాపంగా పెట్టి ఉంటాడని నేను నమ్మలేను.

అయితే ప్రతి వస్తువుకూ ఇలా అర్థం వెతకడం కూడా సరికాదు. గోడ మీది క్యాలెండర్ చాలాసార్లు వట్టి క్యాలెండరే. కథ మలుపు తిరిగినప్పుడు ఆ వస్తువు స్థితి కూడా మారిందా అన్నదే నేను పెట్టుకున్న పరీక్ష. సత్యజిత్ రాయ్ ‘జల్సాఘర్’ (1958)లో ఆస్తంతా పోయిన జమీందారు బిశ్వంభర రాయ్ చివరి కచేరీ ముగిశాక తాగుతూ తన చిత్తరువు మీద సాలీడును చూస్తాడు, తర్వాత దీపాలు ఒక్కొక్కటిగా ఆరిపోతుంటే భయపడిపోతాడు. పాత సేవకుడు తెర తొలగించి తెల్లవారిందని చూపిస్తాడు. ఆ గదిని తుడిచి సిద్ధం చేసిందీ ఆ సేవకుడే. అతని చేతుల వెంట నడిచి చూస్తే ఆ దీపాల అర్థం ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు.

మా తాతయ్య పోయిన తర్వాత అత్తయ్య ఆ కుర్చీ గుడ్డను చివరిసారి ఉతికి, మడిచి పెట్టెలో దాచింది. ఇల్లు అమ్మేదాకా ఆ చట్రం ఉత్త కొయ్యగా అరుగు మీదే ఉంది. మీరు ‘ఎలిప్పతాయం’ రెండోసారి చూసేటప్పుడు ఉన్నిని కాసేపు పక్కనబెట్టి, రాజమ్మ చేతులు ఏ వస్తువు నుంచి ఏ వస్తువుకు వెళ్తున్నాయో మాత్రమే చూడండి.