కొత్త కప్‌బోర్డులు తెరిస్తే కళ్ళ మంట.. నాది అనుమానం జబ్బేనా డాక్టర్?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు, నాకు 34 ఏళ్ళు. నాలుగు నెలల కిందట కొత్తింట్లో దిగాం. బెడ్‌రూమ్‌లో పడుకుంటే కళ్ళ మంట, గొంతు గరగర, తెల్లారేసరికి తలపోటు. రాజోల్లో పుట్టింటికెళ్తే రెండ్రోజుల్లో తగ్గిపోతుంది. మా అత్తగారేమో అంతా అనుమానమే అంటున్నారు.

జవాబు: పుట్టింటికెళ్తే తగ్గుతోందన్నారు చూడండి, ఆ ముక్క చాలా పనికొచ్చిందమ్మా. ముందు ఇంటినే అనుమానించాలి, ఈ మాట మీ అత్తగారికి చదివి వినిపించండి.

కొత్త కప్‌బోర్డులకి వాడే ప్లైవుడ్, ఎండీఎఫ్ (చెక్క పీచుని జిగురుతో నొక్కి చేసే పలక) అతికించే జిగురులోంచి ఫార్మాల్డిహైడ్ అనే గ్యాస్ నెలల తరబడి కొంచెం కొంచెంగా వస్తూనే ఉంటుంది, వేడీ తేమా పెరిగితే ఇంకా ఎక్కువ, మన డెల్టాలో ఆ రెంటికీ కరువేముంది చెప్పండి, పైగా తలుపులు బిగించి ఏసీ వేస్తాం, మామూలు స్ప్లిట్ ఏసీ లోపలి గాలినే తిప్పుతుంది తప్ప బయటి గాలి తేదు.

ఓ పది రోజులు వేరే గదిలో పడుకుని ఎలా ఉందో రోజూ రాసుకోండి. పగలు కప్‌బోర్డు తలుపులు, సొరుగులు అన్నీ తెరిచి, ఒక కిటికీలో టేబుల్ ఫ్యాన్ బయటివైపు తిప్పి పెట్టండి, ఎదురుగా ఇంకో కిటికీ తెరిచుంచండి. లోపల సన్‌మైకా అంటించకుండా వదిలేసిన పచ్చి అంచులుంటాయి, వేలితో తడిమితే గరుకుగా తగులుతాయి, గ్యాస్ అక్కణ్ణించి బాగా వస్తుంది, కార్పెంటర్‌ని పిలిచి వాటిని మూయించండి. అలాగే కప్‌బోర్డు వెనక గోడ చెమ్మగిల్లి నల్లగా బూజు పట్టిందేమో చూడండి, దానిక్కూడా ఇవే బాధలు.

వాసన పోవాలని కలరా ఉండలూ, రూమ్ ఫ్రెష్‌నరూ, సాంబ్రాణీ మొదలుపెట్టారా, ఉన్నదానికి ఇంకోటి తోడవుతుంది. ఇంట్లో పసిపిల్లలుంటే కలరా ఉండలు అసలొద్దు, జీ6పీడీ లోపం (ఎర్ర రక్తకణాల్ని కాపాడే ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువగా ఉండటం) ఉన్న పిల్లలకి ఎర్ర రక్తకణాలు పగిలి కామెర్లు ముదురుతాయి. దోమలకి కాయిల్ మానేసి దోమతెర కట్టుకోండి. బాత్రూమ్‌లో బ్లీచింగ్ పౌడర్ మీద యాసిడ్ మాత్రం పొయ్యకండి, క్లోరిన్ గ్యాస్ వస్తుంది, అది ఏ బాధా లేని వాళ్ళకి కూడా ప్రమాదమే.

ఇలా వాసనలు పడకపోవడాన్ని తేల్చే నమ్మకమైన రక్తపరీక్ష లేదు, ఆ డబ్బులు కార్పెంటర్‌కివ్వండి. పిల్లికూతలు, రాత్రిళ్ళు దగ్గు ఉంటే మాత్రం ఊపిరితిత్తుల డాక్టర్ దగ్గర స్పైరోమెట్రీ (గొట్టంలోకి ఊదించి చేసే శ్వాస పరీక్ష) చేయించుకోండి, ఆస్తమా దాక్కుని ఉండొచ్చు. ఎప్పుడైనా ఆయాసంతో మాట పూర్తిగా రాకపోతే తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్ళిపోండి.