అప్‌డేట్ ఫెయిల్ అవుతుంటే ఫార్మాట్ కొట్టాల్సిందేనా?

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇదీ: హన్మకొండలో మీ ఇంట్లో విండోస్ 11 డెస్క్‌టాప్. అప్‌డేట్ డౌన్‌లోడ్ అవుతుంది, రీస్టార్ట్ అడుగుతుంది, కొంత శాతం దాకా పోయి మార్పులన్నీ రద్దు చేసుకుని మళ్లీ మొదటికే వస్తుంది. షాపులో చూపిస్తే ఫార్మాట్ తప్ప దారి లేదన్నారు. ఎనుమాముల మార్కెట్లో మీ నాన్నగారి మిర్చి లెక్కలన్నీ అందులోనే ట్యాలీలో ఉన్నాయి.

ఫార్మాట్‌కు ఒప్పుకోకు. మా కాజీపేట ఇంట్లోనూ, పిలిస్తే వెళ్లి చూసిన చుట్టుపక్కల ఇళ్లలోనూ అప్‌డేట్ ఎక్కలేదన్న ఒక్క కారణంతో డిస్క్ మొత్తం తుడిచేయాల్సిన పరిస్థితి నాకు ఎదురవలేదు. ఏది చేసినా ముందు ట్యాలీ మూసేసి, దాని డేటా ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చెయ్యి. ఆ కాపీ ఇంకో కంప్యూటర్‌లో తెరుచుకుంటోందా అని కూడా చూసుకో. అప్పుడు టెన్షన్ లేకుండా మిగతా పని చేయొచ్చు.

అప్‌డేట్ ఎక్కడ ఆగుతోందో చూస్తే కారణం సగం తెలిసినట్టే. డౌన్‌లోడే కాకపోతే నెట్‌నో, గడియారాన్నో అనుమానించాలి. మా ఇంట్లో అదే జరిగింది. వేసవి సెలవుల్లో ప్లగ్ తీసేసి ఊరెళ్లి వచ్చాక అప్‌డేట్ అసలు కదల్లేదు, బ్రౌజర్‌లో బ్యాంకు పేజీ కూడా సురక్షితం కాదని చూపించింది. స్క్రీన్ కింద మూలన తేదీ ఏళ్ల వెనక్కి పోయి ఉంది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ల లాంటి బ్యాటరీ ఒకటి ఉంటుంది, సాధారణంగా సీఆర్ 2032 రకం. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. అది అయిపోతే తేదీ తప్పుతుంది. వెబ్‌సైట్లు తమ గుర్తింపుగా చూపే సర్టిఫికెట్లకు మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ ఉంటాయి కాబట్టి తప్పు తేదీతో చూసే కంప్యూటర్ వాటిని నమ్మదు. బ్యాటరీ మార్చి టైమ్ సరిచేయగానే అప్‌డేట్ దానంతటదే మొదలైంది. ఫోన్ హాట్‌స్పాట్ వాడేవాళ్లు ఆ కనెక్షన్ మీటర్డ్‌గా, అంటే డేటా పొదుపుగా వాడాల్సినదిగా పెట్టి ఉందేమో కూడా చూసుకోవాలి. అలా ఉంటే విండోస్ చాలా అప్‌డేట్లను దించుకోకుండా ఆపేస్తుంది.

నీది రీస్టార్ట్ తర్వాత ఆగుతోంది కాబట్టి లెక్క వేరు. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ తెరిచి, అప్‌డేట్ హిస్టరీలో ఫెయిల్ అయినదాని పక్కన కోడ్ చూడు. సున్నా, ఎక్స్ తర్వాత 80070070 అని ఉంటే డిస్క్‌లో చోటు లేదని. సీ డ్రైవ్‌లో ఓ 20 జీబీ ఖాళీ ఉంటే నిశ్చింత. స్టోరేజ్‌లో టెంపరరీ ఫైల్స్ తీసేసేటప్పుడు మాత్రం పైలం: ఆ జాబితాలో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ కూడా ఉంటుంది. దానికి టిక్ ఉంటే మీ నాన్నగారు దించుకున్న బిల్లులు, రసీదులు అన్నీ పోతాయి. ముందు ఆ టిక్ తీసేశాకే రిమూవ్ నొక్కాలి.

కోడ్ చదవమని ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, 2024 జనవరిలో విండోస్ 10కి వచ్చిన ఒక అప్‌డేట్ ఎంతోమందికి 80070643 కోడ్‌తో ఆగిపోయింది. రిపేరు కోసం విండోస్ డిస్క్‌లో విడిగా ఉంచుకునే రికవరీ పార్టిషన్‌లో 250 ఎంబీ ఖాళీ లేకపోవడం దానికి కారణం. సీ డ్రైవ్ ఎంత ఖాళీ చేసినా అది ఎక్కదు. కోడ్ చూడకుండా చేసే వైద్యం ఇలాగే వృథా అవుతుంది.

తర్వాత కరెంటు సంగతి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం గాలిదుమారం లేస్తే మన దగ్గర కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. రీస్టార్ట్ మధ్యలో పోతే సిస్టమ్ ఫైళ్లు దెబ్బతినొచ్చు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా అని ధైర్యంగా ఉండొద్దు. చాలా ఇన్వర్టర్లకు యూపీఎస్ మోడ్, నార్మల్ మోడ్ అని ఒక స్విచ్ ఉంటుంది. నార్మల్‌లో ఉంటే లైన్ మారే ఆ చిన్న వ్యవధిలోనే ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది గానీ డెస్క్‌టాప్ రీస్టార్ట్ అయిపోతుంది. దాన్ని యూపీఎస్ మోడ్‌లో పెట్టి, పొద్దున పూట అప్‌డేట్ మొదలుపెట్టు. శాతం కదలట్లేదని మధ్యలో పవర్ బటన్ నొక్కకు.

ఇంకోసారి ప్రయత్నించే ముందు ప్రింటర్, పెన్‌డ్రైవ్, బయటి హార్డ్‌డిస్క్ అన్నీ పీకేయి. కీబోర్డు, మౌస్ చాలు. విడిగా కొన్న యాంటీవైరస్ ఉంటే కాసేపు తీసేసి చూడు, విండోస్‌లో ఉన్న డిఫెండర్ ఆలోపు కాపలా కాస్తుంది.

అప్పటికీ కాకపోతే స్టార్ట్ మెనూలో వెతికి సర్వీసెస్ తెరిచి, విండోస్ అప్‌డేట్‌నూ, డౌన్‌లోడ్లు చూసుకునే బిట్స్‌నూ (జాబితాలో Background Intelligent Transfer Service అని ఉంటుంది) ఆపి, విండోస్ ఫోల్డర్ లోపలి సాఫ్ట్‌వేర్‌డిస్ట్రిబ్యూషన్ అనే ఫోల్డర్ పేరు మార్చు. పాడైన డౌన్‌లోడ్ పక్కకు పోయి మళ్లీ తాజాగా దిగుతుంది. నీ ఫైళ్లకు ఏమీ కాదు, అప్‌డేట్ హిస్టరీ మాత్రం ఖాళీ అవుతుంది, అందుకే కోడ్ ముందే రాసిపెట్టుకో. ఆపైన అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ముందు డిస్మ్ రీస్టోర్‌హెల్త్ (DISM /Online /Cleanup-Image /RestoreHealth), అది పూర్తయ్యాక ఎస్ఎఫ్‌సీ స్కాన్‌నౌ (sfc /scannow) అనే కమాండ్లు నడపాలి. మొదటిది బాగున్న సిస్టమ్ ఫైళ్లను తెచ్చిపెడుతుంది, రెండోది వాటితో పాడైనవాటిని మారుస్తుంది. డిస్మ్ 62 శాతం దగ్గర చాలాసేపు నిలబడిపోయినట్టు కనిపించొచ్చు, కంగారుపడి విండో మూసేయకు.

ఇవేవీ పని చేయకపోతే విండోస్ 11లోనే ఇంకో దారి ఉంది, షాపులో ఇది ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు. సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలోకి వెళ్తే విండోస్ అప్‌డేట్ ద్వారా సమస్యలు సరిచేసుకోమంటూ రీఇన్‌స్టాల్ నౌ అనే బటన్ కనిపిస్తుంది. అది ఇప్పుడున్న వెర్షన్‌నే మళ్లీ ఎక్కిస్తుంది. ఫైళ్లు, ప్రోగ్రాములు, సెట్టింగ్స్ ఎక్కడివక్కడే ఉంటాయి, ట్యాలీ కూడా. అదే పేజీలో ఉండే రీసెట్ పీసీ వేరు, అందులో ఫైళ్లు ఉంచమని ఎంచుకున్నా ప్రోగ్రాములు పోతాయి. రెండూ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి నొక్కే ముందు పేరు రెండుసార్లు చదువు.