చెట్టు కొట్టేముందు పగులు కొలవండి
గోడకు 12 అడుగుల్లో పెద్ద రావిచెట్టు, మూలన పగులు, కొట్టించేయాలా అని అడిగారు కదండీ. ఆగండి. విజయనగరం పక్క చాలాచోట్ల ఉన్న ఎర్రనేలైతే ముందు డ్రైనేజీ పైపు అతుకులు చూడండి. వేర్లు నీరు కారే చోటికే చేరతాయి. నల్లరేగడైతే వేరే సంగతి: వేసవిలో వేర్లు తేమ పీల్చి నేల కుంగుతుంది. పగులు రెండు కొసలా పెన్సిల్‌తో గీత, తేదీ వేసి, వెడల్పు మేలోనూ అక్టోబరులోనూ కొలవండి. వానలకు పగులు సన్నబడితే నేలదే పని. అప్పుడు చెట్టు ఒక్కసారిగా కొట్టేస్తే రేగడి ఉబ్బి పునాదినే ఎత్తొచ్చు, అది ఇంకా చేటు. గోడకు 6 అడుగుల దూరాన 4 అడుగుల లోతు కందకం తీసి, వేర్లు గోడవైపు రాకుండా మందపాటి ప్లాస్టిక్ షీటు నిలబెట్టి పూడ్చండి. మణికట్టు లావు వేరు తగిలితే కోయొద్దు; 2018 తిత్లీ తుఫాను లాంటి గాలొస్తే చెట్టు నిలవదు.