అమ్మాయి సొరోరిటీ రిక్రూట్‌మెంట్‌కు వెళ్తోంది, మేమేం చేయాలి?

ప్రశ్న: మేము అమెరికాలోని టెక్సస్‌లో ఉంటున్నాం. ఈ ఆగస్టులో యూనివర్సిటీలో చేరబోతున్న మా అమ్మాయి, తరగతులు మొదలయ్యే ముందే జరిగే సొరోరిటీ (కాలేజీ అమ్మాయిల సంఘం) రిక్రూట్‌మెంట్‌కు పేరు ఇచ్చింది. మేమిద్దరం ఇండియాలో చదువుకున్నవాళ్లం, ఈ పద్ధతి మాకు బొత్తిగా తెలియదు. ఎవరూ తీసుకోకపోతే కుంగిపోతుందేమోనని భయంగా ఉంది. తల్లిగా నేనేం చేయాలి?

జవాబు: మీ భయం సహజమైనదేనమ్మా, కానీ ముందుగా ఈ ఎంపిక ఎలా జరుగుతుందో మీరు తెలుసుకోవాలి. 1902లో ఏర్పడిన నేషనల్ పాన్‌హెలెనిక్ కాన్ఫరెన్స్‌లో 26 సొరోరిటీలున్నాయి. వాటి చాప్టర్లు, అంటే స్థానిక శాఖలు, ఉన్న క్యాంపస్‌లలో అమ్మాయిలు కొన్ని రౌండ్లపాటు సభ్యులతో మాట్లాడి తమ ఇష్టాలను క్రమంలో నమోదు చేస్తారు, చాప్టర్లు తమ జాబితాలను ఇస్తాయి, రెండూ కలిసిన చోటినుంచే తర్వాతి రౌండ్‌కు పిలుపు వస్తుంది. ఎక్కువమంది కోరుకునే చాప్టరు, సంఖ్యను తగ్గించుకోవడానికి, తొలి రౌండ్లలోనే చాలామందిని వదులుకోవలసి వస్తుంది. పిలుపు రాకపోవడమంటే మీ అమ్మాయిలో లోపముందని కాదు. ఈ సంగతి రిక్రూట్‌మెంట్‌కు ముందే ఆమెతో చెప్పండి.

డబ్బు మాట కూడా ముందే తేల్చుకోండి. సొరోరిటీకి కట్టే తొలి ఏడాది ఫీజు తర్వాతి ఏళ్లకంటే ఎక్కువగా ఉండటం సాధారణం, చాప్టర్ హౌస్‌లో ఉంటే అద్దె, భోజనం అదనం. మీరు ఎంతవరకు భరించగలరో స్పష్టంగా చెబితే, ఆ మొత్తాన్ని దృష్టిలో పెట్టుకుని ప్రతి చాప్టర్‌లోనూ ఖర్చుల గురించి ఆమే అడిగి తెలుసుకుంటుంది.

అసలు కష్టం రిక్రూట్‌మెంట్ జరిగే ఆ వారంలోనే ఉంటుంది. ఉదయాన్నే ఆ రోజు జాబితా చూసుకుంటుంది. ముందురోజు గంటసేపు కబుర్లు చెప్పి వచ్చిన చాప్టర్ పేరు అందులో ఉండదు, అయినా గంటలో తయారై నవ్వుతూ మరో గుమ్మం ముందు నిలబడాలి. అప్పుడు మీకు ఫోన్ చేస్తే “ఎవరు వద్దన్నారు? ఎందుకు?” అని ఆరా తీయకండి, “పోనీలే, వాళ్లకే నష్టం” అని తేల్చేయకండి. ఏడిస్తే ఏడవనివ్వండి, తిన్నదా అని అడగండి, ఆ తర్వాత “ఈరోజు ఎవరితో మాట్లాడటం నీకు హాయిగా అనిపించింది?” అని అడగండి. ఏది “టాప్” చాప్టరో ఇంటర్నెట్‌లో వెతికి ఆమెకు పంపడం మాత్రం దయచేసి వద్దు, ఎందుకంటే నాలుగేళ్లు ఆ అమ్మాయిలతో మెలగవలసింది మీ కూతురే. యూనివర్సిటీ ఆఫీసుకు మీరు ఫోన్ చేయడం కూడా మంచిది కాదు. సందేహాలు తీర్చడానికి, ఆ వారంపాటు తమ చాప్టర్‌కు దూరంగా ఉండే రిక్రూట్‌మెంట్ కౌన్సెలర్లుంటారు.

చివరిదైన ప్రిఫరెన్స్ రౌండ్ తర్వాత ఆమె ఒక ఒప్పందంపై సంతకం చేస్తుంది. అందులో తాను రాసిన చాప్టర్ నుంచి బిడ్ (చేరమనే ఆహ్వానం) వచ్చాక వద్దంటే, మరుసటి ఏడాది ప్రధాన రిక్రూట్‌మెంట్ దాకా ఆ క్యాంపస్‌లో ఈ కాన్ఫరెన్స్‌కు చెందిన మరో సొరోరిటీలో చేరడానికి వీలుండదు. కాబట్టి నిజంగా చేరదలచుకున్నవాటినే రాయమనండి.

బిడ్ రాకపోయినా, ఖాళీలున్న చాప్టర్లు తర్వాత కూడా సభ్యులను తీసుకుంటాయి. 1998లో హ్యూస్టన్ యూనివర్సిటీలో మొదలైన డెల్టా ఫై ఒమేగా వంటి దక్షిణాసియా సొరోరిటీలు వేరుగా చేర్చుకుంటాయి. మన అమ్మాయిలకు అక్కడ చేరువతనం దొరకవచ్చు. చేరాక మాత్రం, కొత్త సభ్యులను అవమానించడం, బలవంతంగా తాగించడం వంటివి ఎదురైతే వెంటనే మీకు చెప్పాలని ఇప్పుడే మాట తీసుకోండి. అలాంటి హేజింగ్ ఘటనల వివరాలను కాలేజీలు బహిరంగపరచాలని 2024 డిసెంబరులో ఫెడరల్ చట్టం వచ్చింది, ఆ నివేదికను మీరు కాలేజీ వెబ్‌సైట్‌లో చూడవచ్చు.