కాలు దక్కిన పిల్లాడికి ‘కూర్చునే కోర్సే’ కావాలా?

ప్రశ్న: సార్, మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది. పదో తరగతిలో ఉండగా మోకాలి పైఎముకకు ఆస్టియోసార్కోమా (ఎముక క్యాన్సర్) వచ్చింది. కీమో ఇచ్చి, కాలు తీయకుండానే ఆపరేషన్ చేసి ఇంప్లాంట్ వేశారు. ఇప్పుడు బాగానే నడుస్తున్నాడు. వాడు సివిల్ ఇంజినీరింగ్ అంటాడు, మేం కూర్చుని చేసుకునే ఏఐ-ఎంఎల్ (కృత్రిమ మేధ కోర్సు) అంటున్నాం. రెండిట్లో ఏది మేలు?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: పోల్చి చెబుతాను గానీ, మీ టెన్షన్ బ్రాంచి గురించి కాదు. జబ్బు తిరగబెడుతుందేమోనన్న భయం. పెద్ద జబ్బు చూసిన ఇళ్ల నుంచి వచ్చే ప్రశ్నలన్నీ చివరికి ‘కూర్చునే ఉద్యోగం’ దగ్గరికే చేరతాయి.

1970లకు ముందు ఈ జబ్బుకు కాలు తీసేయడమే వైద్యం. తీసేసినా ఐదుగురిలో నలుగురు దక్కేవారు కాదు. కీమో వచ్చాక, వేరే చోటికి పాకకముందే పట్టుకుంటే పదిమందిలో ఆరేడుగురు కోలుకుంటున్నారు. ఎక్కువమందికి కాలూ మిగులుతోంది. మీవాడు ఆ గండం దాటి వచ్చినవాడు.

ఇంప్లాంట్ వదులయ్యే ప్రమాదం ఉంది కాబట్టి పరుగులు, గెంతులు, బరువులు వద్దంటారు. సైట్‌లో రోజంతా నిలబడటం కష్టమే, దాచను. కానీ సివిల్ అంటే సైటొక్కటేనా? స్ట్రక్చరల్ డిజైన్, ఎస్టిమేషన్ (ఖర్చుల లెక్క), జీఐఎస్ (కంప్యూటర్‌లో మ్యాపుల పని) ఉన్నాయి.

ఏఐ-ఎంఎల్ మీద నా అనుమానాలు నాకున్నాయి. బోర్డు మీద పేరు రాసినంత తేలిగ్గా ఆ పాఠం చెప్పేవాళ్లు దొరకడం లేదు. చాలాచోట్ల పాత కంప్యూటర్ సైన్స్ (సీఎస్‌ఈ)కే కొత్త పేరు. ప్రాబబిలిటీ లాంటి లెక్కలంటే విసుగు పుట్టేవాడు అందులో నాలుగేళ్లూ వీడియోలు చూసి గట్టెక్కుతాడు. పైగా గంటల తరబడి కుర్చీలోనే ఉంటే ఆ మోకాలు బిగుసుకుంటుంది కూడా.

ఒక మాట కటువుగానే అంటాను. మీ ఉత్తరం నిండా కాలే ఉంది. వాడికి సివిల్ ఎందుకిష్టమో ఒక్క ముక్క లేదు. అడిగారా అసలు?

వైకల్య సర్టిఫికెట్‌కి ‘మావాడు వికలాంగుడు కాదు’ అని మొహమాటపడకండి. కాలు మిగిలినా, వైకల్యం కనీసం 40 శాతమని మెడికల్ బోర్డు తేలిస్తే 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ, ఎయిడెడ్ కాలేజీల్లో కనీసం 5 శాతం సీట్ల కోటాకు అర్హుడు. కీమోలో సిస్‌ప్లాటిన్ అనే మందు ఇచ్చి ఉంటే, అది వినికిడిని దెబ్బతీయొచ్చు కనుక చెవి పరీక్ష చేయించండి. కీచు శబ్దాలు అందకపోతే వెనక బెంచీలో పాఠం సగమే వినిపిస్తుంది, మీరేమో శ్రద్ధ లేదంటారు. ఈ జబ్బు తిరగబెడితే ఎక్కువగా ఊపిరితిత్తుల్లోనే కాబట్టి వాటి చెకప్‌లు మానకూడదు, అందుకే ఆస్పత్రికి అందుబాటులో, లిఫ్ట్ ఉన్న కాలేజీ చూడండి.

ఆ తర్వాతా రెండు బ్రాంచీల మధ్యే తేలకపోతే మళ్లీ రాయండి. ఈసారి ఉత్తరం వాడి చేత రాయించండి.